హెచ్‌ఐవీ వివక్ష, ఆడవాళ్ళపై హింస: రెండింటి మీదా కలిపి పనిచేయాలా, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: మీ బృందం కొంతకాలంగా హెచ్‌ఐవీ మీద ర్యాలీలు, సభలు, ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1న కార్యక్రమాలు చేస్తోంది. జనం వస్తారు, వింటారు, వెళ్ళిపోతారు. పాజిటివ్ అని తెలిసిన ఇంటివైపు మాత్రం ఎవరూ తొంగిచూడరు. ఈలోగా, పరీక్షలో పాజిటివ్ వచ్చిన ఒకామెను భర్త కొట్టి ఇంట్లోంచి గెంటేశాడని తెలిసింది. వివక్షనూ ఆడవాళ్ళపై హింసనూ కలిపి పట్టుకోవాలా, కలిపితే రెండూ చెడతాయా, పనిచేస్తుందని తేలిన పద్ధతి ఏదైనా ఉందా, పనిచేస్తోందని మనకెలా తెలుస్తుంది?

కలిపే చేయండి. కానీ సభలతో మొదలుపెట్టకండి. ముందు, మీ దగ్గరికి వచ్చి నోరు విప్పిన మనిషిని ఆదుకునే ఏర్పాటు చేసుకోండి. తర్వాత, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ళనూ హింస అనుభవించిన ఆడవాళ్ళనూ నిర్ణయాలు జరిగే చోట కూర్చోబెట్టండి. ఆ తర్వాతే జనంతో మాటలు. ఆ మాటలు కూడా వైరస్ గురించి కొంత, ఇంట్లో ఎవరి మాట చెల్లుతోంది అన్నదాని గురించి ఎక్కువ. ఈ వరస తప్పితే ఎంత మంచి ఉద్దేశంతో మొదలైన పనైనా చివరికి ఆడవాళ్ళ మీదికే వస్తుంది.

నేను చాలా ఏళ్ళు పరీక్షా కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఇలాంటి బృందాల వలంటీర్లకు శిక్షణ ఇస్తున్నాను. కింద రాసినవాటిలో కొన్ని ఆ పనిలో చూసినవి, కొన్ని వేరే దేశాల్లో జాగ్రత్తగా కొలిచి చూసినవి.

రెండూ ఒకే ముడి ఎందుకు

చాలా కుటుంబాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ముందు జరిగేది ఆడమనిషికి. గర్భిణులకు మామూలుగా చేసే పరీక్షల్లో ఇదీ ఒకటి. భర్త అప్పటికి పరీక్ష చేయించుకుని ఉండడు. దాంతో ముందు బయటపడ్డ మనిషి మీద ‘నువ్వే తెచ్చావు’ అన్న నింద పడుతుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పరీక్ష చెప్పలేదు. అయినా ఇంట్లో తీర్పు ఆ సాయంత్రమే అయిపోతుంది. మీరు చెప్పిన ఆమె విషయంలో జరిగింది బహుశా ఇదే. నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళలో ఎందరో రిపోర్టు చేతికి రాగానే అడిగిన మొదటి మాట ‘నేను బతుకుతానా’ అని కాదు, ‘ఇంట్లో ఎలా చెప్పాలి’ అని.

ఇంకో దారి దీనికంటే ముందే మొదలవుతుంది. చెయ్యి చేసుకునే మనిషి దగ్గర కండోమ్ మాట ఎత్తడం కుదరదు. ‘ఇద్దరం పరీక్ష చేయించుకుందాం’ అన్నా నేరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో దాదాపు ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసో లైంగిక హింసో ఎదుర్కొన్నవారే. భాగస్వామి చేతిలో హింస అనుభవించిన స్త్రీలకు హెచ్‌ఐవీ సోకే అవకాశం కొన్ని ప్రాంతాల్లో మిగతా స్త్రీలకంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ఉందని అదే సంస్థ 2013లో చెప్పింది.

మందులు మొదలయ్యాక కూడా ఇదే ముడి బిగుసుకుంటుంది. ఒకామె హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలను సీసాలోంచి తీసి తలనొప్పి మాత్రల కవరులో దాచుకునేది. అత్తగారు ఇంట్లో ఉన్న రోజు వేసుకోవడం కుదిరేది కాదు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, తగ్గడం లేదని ఆస్పత్రిలో ఆమెను మందలించారు. మాత్రలు ఎందుకు మానావని అడిగినవాళ్ళే గానీ, ఎవరిని చూసి భయపడుతున్నావని అడిగినవాళ్ళు లేరు. వివక్షను ఒక శాఖ, హింసను ఇంకో శాఖ చూసుకుంటే ఇలాంటి మనిషి రెండింటి మధ్యలో జారిపోతుంది.

సభలు ఎందుకు పనిచేయలేదు

వివక్షకు ప్రధానంగా రెండు వేళ్ళున్నాయి. ఒకటి అంటుకుంటుందన్న భయం. దీనికి సమాచారం పనిచేస్తుంది: ముట్టుకుంటే, ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే, దోమ కుడితే హెచ్‌ఐవీ రాదు. రెండోది ‘తప్పు చేసినవాళ్ళకే వస్తుంది’ అన్న తీర్పు. దీనికి సమాచారం దాదాపు పనిచేయదు. పది ప్రశ్నలకూ సరైన జవాబు రాసిన మనిషే ‘అయినా ఆవిడ నడవడి ఎలాంటిదో’ అనడం శిక్షణల్లో తరచూ వింటుంటాను. ఆ తీర్పు మగవాడి విషయంలో కాస్త మెత్తబడుతుంది, ఆడదాని విషయంలో గట్టిపడుతుంది. అందుకే హింసనూ స్త్రీపురుష అసమానతనూ తాకకుండా వివక్షను తగ్గించడం సాధ్యం కాదంటాను.

పుర్రె బొమ్మలు, ‘ప్రాణాంతక వ్యాధి’ అన్న రాతలు మీ పోస్టర్లలో ఉంటే వెంటనే తీసేయండి. భయపడ్డ జనం పరీక్షకు రారు, పాజిటివ్ మనిషికి దూరం జరుగుతారు.

సమాచారంలో ఇంకా జనానికి చేరని ముఖ్యమైన సంగతి ఒకటుంది. మందులు క్రమంగా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిన మనిషి నుంచి లైంగికంగా హెచ్‌ఐవీ సోకదు. ఒకరు పాజిటివ్, ఒకరు నెగెటివ్‌గా ఉన్న జంటలను పరిశీలించిన ‘పార్ట్‌నర్’ అధ్యయనాలు 2016, 2019లలో వచ్చాయి. వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు వాటిలో ఒక్కటి కూడా లేదు. 2016లో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ళే మొదలుపెట్టిన ‘యు ఈక్వల్స్ యు’ (వైరస్ పరీక్షకు దొరకకపోతే సోకదు) ప్రచారం చెప్పేది ఇదే. నేను కలిసిన దంపతుల్లో ఈ ఒక్క మాటతో మళ్ళీ ఒకరి పక్కన ఒకరు ప్రశాంతంగా కూర్చోగలిగినవాళ్ళున్నారు. రెండు జాగ్రత్తలు: ఇది తల్లిపాలకు ఇంతే ఖచ్చితంగా వర్తించదు, అక్కడ డాక్టరు సలహా తప్పనిసరి. వైరల్ లోడ్ ఇంకా తగ్గనివాళ్ళను ‘అయితే మీరు ప్రమాదకరం’ అని కొత్తగా వెలివేసే మాటగా కూడా ఇది మారకూడదు.

పనిచేసిన పద్ధతులు

మీరు చదవాల్సినవి మూడు నాలుగున్నాయి. వేటినీ ఉన్నదున్నట్టు దించుకోమనడం లేదు. దేంట్లోంచి ఏం తీసుకోవాలో చెబుతాను.

‘స్టెప్పింగ్ స్టోన్స్’ 1990ల మధ్యలో ఉగాండాలో పుట్టింది. రూపొందించిన ఆలిస్ వెల్‌బోర్న్ తాను హెచ్‌ఐవీతో జీవిస్తున్నానని బహిరంగంగా చెప్పిన మనిషి. వయసును బట్టి, ఆడ మగను బట్టి విడివిడి గుంపులుగా చాలాసార్లు కూర్చోబెట్టి, తర్వాత అందరినీ కలిపి మాట్లాడిస్తారు. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్‌లో 70 చోట్ల దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. కొత్త హెచ్‌ఐవీ కేసులు తగ్గినట్టు తేలలేదు. కానీ జననాంగ హెర్పిస్ తెచ్చే వైరస్ సోకడం మూడోవంతు తగ్గింది, రెండేళ్ళ తర్వాత కూడా భాగస్వామిని హింసించామని చెప్పిన మగవాళ్ళ సంఖ్య తగ్గింది. ఇందులోంచి నేను తీసుకున్నది విడి గుంపులు. అత్తగారి ఎదుట కోడలు, భర్త ఎదుట భార్య నిజం మాట్లాడలేరు.

‘ససా!’ను ఉగాండా సంస్థ రైజింగ్ వాయిసెస్ తయారుచేసింది. ఆ దేశ రాజధాని కంపాలాలో 2008 నుంచి 2012 వరకు దీన్ని కొలిచారు. బస్తీలో ఉండే మామూలు మనుషులే, ఆడా మగా ఇద్దరూ, తమ ఇరుగుపొరుగుతో నాలుగు దశల్లో మాట్లాడతారు: నాలో ఉన్న శక్తి, ఒకరి మీద ఒకరు చలాయించే అధికారం, కలిసి నిలబడితే వచ్చే బలం, ఇప్పుడేం చేయగలం. హింస, హెచ్‌ఐవీ రెండూ ఈ అధికారం కథలోనే వస్తాయి. కార్యక్రమం నడిచిన బస్తీల్లో గత ఏడాది భాగస్వామి చేతిలో శారీరక హింసకు గురైన స్త్రీల నిష్పత్తి మిగతా బస్తీలకంటే 52 శాతం తక్కువగా కనిపించింది. పోల్చింది మొత్తం ఎనిమిది చోట్లే కాబట్టి ఆ అంకెను అటూ ఇటూగానే పట్టుకోవాలి. ఇక, ఒకే సమయంలో ఇంకొకరితోనూ సంబంధం ఉందని చెప్పిన మగవాళ్ళు 27 శాతం, కార్యక్రమం లేనిచోట 45 శాతం. సమావేశాలకు వచ్చినవాళ్ళనే కాదు, బస్తీలో ఉన్నవాళ్ళందరిలోంచి ఎంచి అడిగితే వచ్చిన లెక్కలివి. నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అదే. మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది.

‘ఇమేజ్’ దక్షిణాఫ్రికాలోని లింపోపో పల్లెల్లో జరిగింది. పేద స్త్రీలకు చిన్న అప్పులు ఇస్తూ, అప్పు సమావేశాల్లోనే స్త్రీపురుష సంబంధాలు, హెచ్‌ఐవీ మీద పాఠాలు నడిపారు. పాల్గొన్న స్త్రీలపై భాగస్వామి హింస రెండేళ్ళలో 55 శాతం తగ్గిందని 2006లో వెల్లడైంది. అప్పు మాత్రమే ఇచ్చిన చోట డబ్బుపరంగా మేలు కనిపించింది గానీ హింస విషయంలో ఇంత స్పష్టమైన మార్పు రాలేదు. చేతిలో నాలుగు డబ్బులు లేని ఆడమనిషికి హక్కుల పాఠం ఒక్కటే చెబితే ఆమె ఎక్కడికి పోతుంది? మీ దగ్గర డబ్బు లేకపోతే, ఇప్పటికే నడుస్తున్న పొదుపు సంఘంతో కలవండి.

ఉగాండాలోనే రకాయ్‌లో, హెచ్‌ఐవీ సేవలు అందించే కార్యక్రమంలోకే హింస నివారణను చేర్చిన ‘షేర్’ అనే ప్రయత్నం జరిగింది. అక్కడ స్త్రీలపై హింసతో పాటు కొత్త హెచ్‌ఐవీ కేసులు కూడా తగ్గాయని 2015లో ప్రచురించారు. రెండూ కలిపితే రెండూ చెడతాయేమో అన్న మీ సందేహానికి నా దగ్గరున్న గట్టి జవాబు ఇదే.

నోరు విప్పించే ముందు

హింస గురించి మాట్లాడటం మొదలుపెట్టిన వారంలోనే ఎవరో ఒకరు మీ వలంటీరు దగ్గరికి వచ్చి తన కథ చెబుతారు. అప్పుడేం చేస్తారో ముందే తెలిసి ఉండాలి. దగ్గర్లో ఏ ఆస్పత్రి, ఏ హెల్ప్‌లైన్, ఏ ఆశ్రయం, ఏ న్యాయ సహాయం ఉన్నాయో కాగితం మీద రాసుకోవడం చాలదు. మీరే స్వయంగా వెళ్ళి, అక్కడి మనిషితో మాట్లాడి, రాత్రిపూట ఫోను ఎత్తుతారో లేదో చూసుకోండి. కొన్ని పట్టికల్లో సగం నంబర్లు మోగవు.

లైంగిక దాడి జరిగితే గడియారం ముఖ్యం. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే ‘పెప్’ మందులు 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత త్వరగా మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఈ ఒక్క సంగతి మీ వలంటీర్లందరికీ నిద్రలో లేపినా చెప్పేంతగా రావాలి.

వచ్చిన మనిషి చెప్పేది వినాలి, నమ్మాలి, ‘తప్పు నీది కాదు’ అనాలి, ఈ రాత్రికి క్షేమమేనా అని అడగాలి, ఆమె కోరిన సాయానికి దారి చూపాలి. ‘వాణ్ణి వదిలెయ్’ అని మీరు నిర్ణయించకూడదు. వదిలి వెళ్ళే సమయమే చాలామందికి అత్యంత ప్రమాదకరమైనది. అలాగే భార్యాభర్తలిద్దరినీ పిలిచి, పెద్దల ముందు కూర్చోబెట్టి రాజీ కుదర్చకండి. అందరి ముందూ తల ఊపిన మనిషి ఇంటికెళ్ళాక ‘నన్ను బజారుకెక్కించావు’ అంటూ అంతకంటే గట్టిగా కొట్టిన సందర్భాలు నాకు తెలుసు.

స్టేటస్ ఆ మనిషి సొత్తు

ఎవరు పాజిటివో ఎవరికీ తెలియాల్సిన అవసరం లేకుండానే మీ కార్యక్రమం నడవాలి. గోప్యత పాటిస్తున్నామని అందరూ అంటారు, కానీ అది పోయేది చిన్న చిన్న పనుల్లోంచి. వలంటీర్లు పాజిటివ్ ఇళ్ళకే వెళితే ఆ వీధికి చెప్పకుండానే చెప్పినట్టు. అన్ని ఇళ్ళకూ వెళ్ళండి. వాట్సాప్ గ్రూపుకు పెట్టిన పేరు, తాళం లేని సొరుగులో రిజిస్టరు, సాయం అందిస్తూ తీసిన ఫొటో, ఇవి చాలు ఒక కుటుంబం తలకిందులు కావడానికి. దాతలకు పంపే నివేదికలో పేరు మార్చి, ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య అన్నీ ఉంచేస్తే పేరు మార్చి లాభమేమిటి?

‘భర్తకు చెప్పాలి కదా’ అని మీ వలంటీర్లు తప్పక అడుగుతారు. చెప్పడం మంచిదే, అతనికీ పరీక్ష, మందులు అందుతాయి. కానీ ఎప్పుడు, ఎలా, ఎవరి సమక్షంలో అన్నది ఆమె భద్రతను బట్టి, శిక్షణ పొందిన కౌన్సెలర్ సాయంతో ఆమె తేల్చుకోవాలి. భారతదేశపు 2017 హెచ్‌ఐవీ చట్టం దీన్ని చాలా స్పష్టంగా రాసింది: కొన్ని షరతుల మీద వైద్యుడు గానీ కౌన్సెలర్ గానీ భాగస్వామికి తెలియజేయవచ్చు, కానీ దానివల్ల, ముఖ్యంగా స్త్రీలకు, హింస జరుగుతుందనో వదిలేస్తారనో సహేతుకమైన భయం ఉంటే చెప్పకూడదు. అదే చట్టం హెచ్‌ఐవీ ఉన్న మనిషికి తను కాపురముంటున్న ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కు కూడా ఇచ్చింది. మీరు చెప్పిన ఆమెకు ఏ చట్టం అండగా ఉందో ఒక న్యాయవాదిని ఈ వారమే అడగండి.

నడిపేది ఎవరు

1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్‌తో జీవిస్తున్న కొందరు కలిసి, తమను బాధితులు అనవద్దనీ, తమ గురించి నిర్ణయాలు జరిగే ప్రతిచోటా తామూ ఉండాలనీ ప్రకటించారు. 1987లో నోరీన్ కలీబా ఉగాండాలో మరికొందరితో కలిసి, ఎయిడ్స్‌తో జీవిస్తున్నవాళ్ళకు అండగా ఉండే ‘టాసో’ సంస్థ పెట్టింది. 1994లో పారిస్‌లో ప్రభుత్వాలు కూడా ఈ సూత్రానికి ఒప్పుకుని సంతకం చేశాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా చాలా బృందాల్లో పాజిటివ్ మనిషికి దొరికేది వేదిక మీద పది నిమిషాలు ఏడిపించే ప్రసంగం, ఒక శాలువా.

మీరు అలా చేయకండి. మీ కమిటీలో సగానికి పైగా ఈ బాధ పడ్డవాళ్ళే ఉండాలి. డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో వాళ్ళకు ఓటుండాలి. వాళ్ళ సమయానికి మిగతావాళ్ళకు ఇచ్చినంతే జీతం ఇవ్వాలి. కమిటీలో ఉన్నంత మాత్రాన స్టేటస్ బయటపెట్టాలన్న నియమం ఉండకూడదు. కమిటీలో నెగెటివ్ వాళ్ళూ ఉంటారు గనక, చెప్పదలుచుకున్నవాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళు చెప్పరు. కోల్‌కతాలోని సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన హెచ్‌ఐవీ నివారణ పని నిలబడింది, సెక్స్ వర్కర్లే తోటివాళ్ళకు చెప్పే పీర్ ఎడ్యుకేటర్లయి, 1995 నాటికి దుర్బార్ అనే సొంత సంఘం కట్టుకున్నారు కాబట్టి. సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్ స్త్రీలు మీ ప్రాంతంలోనూ ఉంటారు. వాళ్ళపై హింస ఇంట్లోంచే కాదు, కాపాడాల్సినవాళ్ళ నుంచి కూడా వస్తుంది. వాళ్ళను ‘తర్వాత చూద్దాం’ జాబితాలో పెట్టకండి.

మగవాళ్ళ సంగతి

మగవాళ్ళను నిందితుల్లా పిలిస్తే రారు, వీరుల్లా పిలిస్తే వచ్చి మైకు లాక్కుంటారు. నేను హింస అన్న మాటతో మొదలుపెట్టను. ‘మీ చిన్నప్పుడు ఇంట్లో ఎవరికి భయపడేవాళ్ళు? అప్పుడు మీ ఒంట్లో ఎలా ఉండేది?’ అని అడుగుతాను. ఆ ప్రశ్న తర్వాత గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడరు. తరువాతి కూడికకు వచ్చి ‘మా అబ్బాయి నన్ను చూస్తే తలుపు వెనక్కి పోతున్నాడు’ అన్న తండ్రి ఒకాయన ఉన్నాడు. ఆ మాట నేను చెబితే పాఠం, ఆయన నోట వచ్చింది కాబట్టి పక్కనున్నవాళ్ళూ తలలు దించుకున్నారు. మగవాళ్ళు పరీక్షకు ఆలస్యంగా రావడం, జబ్బు ముదిరాక గానీ మందులు మొదలుపెట్టకపోవడం కూడా ఇదే మగతనం గొడవలో భాగం. వాళ్ళకూ ఇందులో ప్రాణలాభం ఉందని చెప్పండి. ఒక షరతు: మగవాళ్ళ గుంపు ఏం చేస్తోందో ఆడవాళ్ళ గుంపుకు తెలియాలి, ఆపమనే అధికారం ఆడవాళ్ళకు ఉండాలి.

ఆస్పత్రిని వదలకండి. పాజిటివ్ ఫైలుకు వేరే రంగు అట్ట, మంచానికి బోర్డు, చివరన పిలవడం, ఇవన్నీ వివక్షే. సిబ్బందితో పోట్లాటకు దిగేకంటే, సంఘం తరఫున ఇద్దరు నెలనెలా వెళ్ళి చూసి చెప్పే పద్ధతి ఎక్కువ ఫలితమిచ్చింది.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

మొదటి ఏడాది హింస ఫిర్యాదులు పెరుగుతాయి. హింస పెరిగి కాదు, చెప్పుకునే చోటు దొరికి. దీన్ని మీ దాతలకూ స్థానిక అధికారులకూ ముందే రాతపూర్వకంగా చెప్పి పెట్టుకోండి, లేకపోతే సరిగ్గా పని ఊపందుకునే వేళ డబ్బు ఆగిపోతుంది. కనీసం రెండు మూడేళ్ళ పని అనుకునే దిగండి. ఆరు నెలల ప్రాజెక్టుగా అయితే ఒప్పుకోకండి.

సభకు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడం మానేయండి. 2008 నుంచి వందకు పైగా దేశాల్లో నడిచిన, వివక్షను కొలిచే ‘స్టిగ్మా ఇండెక్స్’ సర్వేలో ప్రశ్నలు అడిగేదీ జవాబు చెప్పేదీ హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ళే. గత ఏడాది నిన్ను ఎవరైనా పిలుపుల్లోంచి తప్పించారా, నీ అనుమతి లేకుండా నీ సంగతి ఎవరికైనా చెప్పారా, భయపడి ఆస్పత్రికి పోవడం మానుకున్నావా అని వివరంగా అడుగుతారు. ఆ పద్ధతిలోనే మీ కమిటీలోని స్త్రీల చేత ఐదారు ప్రశ్నలు రాయించండి, మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి అడగండి. వాటికి తోడు నేను ఎప్పుడూ చూసేవి రెండు: కొత్తగా పాజిటివ్ వచ్చిన మనిషి ఆస్పత్రి పంపకుండానే మీ గుంపును వెతుక్కుంటూ వస్తోందా, పక్కింట్లో దెబ్బల చప్పుడు వినిపిస్తే తలుపు తట్టేవాళ్ళు ఉన్నారా.